నోరూరిన రోజు

మా కోడలు నా ముందు ఒక చిన్న గాజు గ్లాసు పెట్టి, "మామయ్యా, ఇందులో కాస్త ఉమ్మండి" అంది.

ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ అమ్మాయి నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. కాదనడానికి మనసొప్పలేదు. గ్లాసు అందుకున్నాను.

సాయంత్రం ఎండ కిటికీలోంచి భోజనాల బల్ల మీద పడుతోంది. బల్ల మీద అలాంటి గ్లాసులే ఇంకో మూడున్నాయి. ఒక్కోదానికీ తెల్లటి పట్టీ అంటించి మా పేర్లకి బదులు 'మామయ్య', 'అత్తయ్య', 'ఈయన', 'నేను' అని రాసిపెట్టింది. అత్తయ్యంటే మా వదినగారు, నా భార్యకి స్వయానా అక్క. నా భార్య చనిపోయిన నెలలోనే నన్ను ఓదార్చడానికని వచ్చి, వంటింటి పరిస్థితి చూసి, ఓదార్పు పక్కన పెట్టి ఉండిపోయింది. 'ఈయన' అంటే మా అబ్బాయి. పటాలకి అద్దాలు కట్టే కొట్లో పనిచేస్తాడు. ఏ గాజు వస్తువు కనిపించినా వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తాడు, ఆ అలవాటు గ్లాసుల విషయంలోనూ పోలేదు.

"అన్నం తినే బల్ల మీద ఉమ్ములేమిటే తల్లీ! మా చెల్లెలుంటే చీపురు తిరగేసేది" అంది వదినగారు.

"అమ్మ ఉంటే మొదటి గ్లాసు అమ్మే నింపేది పెద్దమ్మా, కోడలికి కావాలంటే" అన్నాడు మావాడు.

అది నిజమే. వదినగారు కూడా కాదనలేక, తన గ్లాసు తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

విషయం ఏమిటంటే, మా కోడలు చదివింది జీవశాస్త్రం. ఆడపిల్లల బడిలో చేరేటప్పటికి ఆ ఖాళీ లేదు. కుట్టు నేర్పే ఖాళీ ఉంటే అందులో చేరింది. అప్పటినుంచీ కాజాలు, గుండీలు, అంచు కుట్లు. ఇప్పుడు జీవశాస్త్రం చెప్పే టీచరు మానేసింది. "రేపు పొద్దున ఒక్క పాఠం చెప్పు, కూర్చుని చూస్తాను. బాగుంటే ఆ క్లాసులు నీవి. లేదంటే సూదీ దారం ఎక్కడికీ పోవు" అందట పెద్ద టీచరు. ఇచ్చిన పాఠం జీర్ణక్రియ. మన ఉమ్మి, అంటే లాలాజలం, పిండిపదార్థాన్ని ఎలా విరగ్గొడుతుందో పిల్లల కళ్ళముందు చేసి చూపించాలని మా కోడలి పట్టుదల. క్లాసులో ఏ పిల్లా ఉమ్మడానికి వీల్లేదని పెద్ద టీచరు ముందే చెప్పేసింది. ప్రతి బల్లకీ ఒక గాజు గొట్టం కావాలి. అందుకని ఇంటిల్లిపాదినీ ఉమ్ములకి దింపింది. ఆ సాయంత్రం చేసేది దానికి రిహార్సలు.

నేను గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. గొంతు సవరించాను. బుగ్గలు లోపలికి పీల్చాను. ఏమీ రాలేదు. నాలుక అట్టముక్కలా ఉంది.

నా భార్య పోయిన దగ్గర్నుంచి నా నోరు అంతే. ఆకలి వచ్చి నన్ను బల్ల దగ్గరికి తీసుకెళ్ళడం మానేసింది. వేళకి నేనే వెళ్ళి కూర్చుంటున్నాను. ముద్ద నోట్లో పెట్టుకోవడం, నీళ్ళతో దింపేయడం. "నెమ్మదిగా నమలండీ, చివర్లో తీపి వస్తుంది" అని ఆవిడ ఎప్పుడూ అనేది. వట్టి రొట్టెముక్కలో తీపేమిటి, నన్ను కుదురుగా కూర్చోబెట్టడానికి అంటోంది అనుకునేవాణ్ణి. డాక్టరు వయసు వల్ల అన్నాడు. నేనూ సరేనన్నాను.

"రావట్లేదమ్మా" అన్నాను కోడలితో, గ్లాసు తిరిగిచ్చేస్తూ.

"ఉండు నాన్నా" అని మావాడు లేచి వంటింట్లోకి వెళ్ళి నిమ్మకాయ కోసుకొచ్చాడు. "ఈ చెక్క నోట్లో పెట్టుకో. రాకేం చేస్తుందో చూద్దాం."

పెట్టుకున్నాను. దవడల కింద ఎవరో కుళాయి తిప్పినట్టయింది. గ్లాసు సగానికొచ్చింది. అది చూసి మావాడూ ఒక చెక్క బుగ్గన పెట్టుకున్నాడు, కోడలూ పెట్టుకుంది. "ఇంత సులువని తెలిస్తే పొద్దున్నే నిమ్మకాయలు తెచ్చేదాన్ని" అని మురిసిపోయింది.

వదినగారికి కూడా ఒకటి ఇవ్వబోతే, "నాకొద్దు, పళ్ళు పులుస్తాయి. నా నోటికి ఎవరి సాయమూ అక్కర్లేదు" అంది.

ఆ మాట మేమంతా ఒప్పుకున్నాం.

కోడలు పల్చగా గంజి కాచి చల్లార్చి ఉంచింది. గాజు గొట్టాల్లో కాస్త కాస్త పోసి, ఒక్కోదాంట్లో ఒక్కొక్కరి ఉమ్మి కలిపి, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టింది. నీళ్ళ వెచ్చదనం చూడటానికి మోచెయ్యి ముంచి చూసుకుంది, పసిపిల్లకి స్నానం చేయించేటప్పుడు చూస్తారే, అలాగ.

"గంజంటే చక్కెర పూసల దండ మామయ్యా" అని చెప్పడం మొదలుపెట్టింది. రేపటి పాఠం నా మీద వల్లె వేస్తోందని తెలుస్తూనే ఉంది. "చాలా పొడుగాటి దండ. పేగు గోడలోంచి రక్తంలోకి అంత పొడుగుది దూరదు. మన ఉమ్మిలో అమైలేజ్ అని ఒక ఎంజైము ఉంటుంది. అది కత్తెర. దండని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. కత్తెర అరిగిపోదు, ఒక దండ అయ్యాక ఇంకో దండ పట్టుకుంటుంది."

"మరి తెగిందని ఎలా తెలుస్తుంది?" అన్నాడు మావాడు, నిమ్మచెక్క చప్పరిస్తూ.

"అయోడిన్ చుక్క వేస్తే. పొడుగు దండ ఉంటే నల్లటి నీలం అవుతుంది. తెగిపోయి ఉంటే నీలం రాదు, అయోడిన్ రంగే ఉంటుంది, పాలు పోయని పల్చటి టీలాగ."

కాసేపు ఆగి చుక్కలు వేసింది. నాది నీలం. మావాడిది నీలం. తనది సిరాలా చిక్కటి నీలం. వదినగారిది మాత్రం పల్చటి టీ రంగులో మెరుస్తోంది.

వదినగారు కళ్ళజోడు పెట్టుకుని గొట్టాలన్నీ ఒకసారి చూసింది.

"అంటే ఈ ఇంట్లో తిన్నది అరిగేది నాకొక్కదానికేనన్నమాట" అంది.

"పెద్దమ్మ నోట్లో పడితే ఏదైనా ముక్కలవ్వాల్సిందేగా" అన్నాడు మావాడు.

"అవున్రా. నీకొచ్చిన అడ్డమైన సంబంధాలన్నీ ఈ నోటితోనే ముక్కలు చేసి, ఈ పిల్లని తెచ్చి నీ చేతిలో పెట్టాను. ఆ మాట మర్చిపోకు."

కోడలు నవ్వలేదు. రెండోసారి చేసింది. మళ్ళీ అంతే. బల్ల మీద చేతులానించి కూర్చుండిపోయింది. "రేపు క్లాసులో ఇలాగే అయితే..." అని ఆగింది. "చేతకాని పాఠం ఎత్తుకుందంటారు మామయ్యా. నేను రిటైరయ్యేదాకా ఇక కాజాలే."

ఆ గొంతు విని నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అలాంటప్పుడు నా చెయ్యి జేబులోకి పోతుంది. నేను పనిచేసింది సబ్బుల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో. సబ్బులో క్షారం ఎక్కువైతే ఒళ్ళు మండుతుంది కదా, అందుకని ప్రతి వాయనీ పరీక్ష చెయ్యడం నా పని. లిట్మస్ కాగితాల కట్ట లేకుండా జేబు ఖాళీగా ఉన్నట్టుంటుంది, ఇప్పటికీ. వాననీళ్ళు, టీ, చెట్టు మీది జిగురు, దేంట్లో పడితే దాంట్లో ముంచి చూడటం నాకు అలవాటు. "పెళ్ళిచూపుల్లో నన్ను ముంచి చూడలేదు, అదృష్టం" అనేది నా భార్య.

ఏదో ఆశతో కాదు, ఊరికే ఉండలేక, ఒక నీలం కాగితం చించి నా గ్లాసులో ముంచాను. ముంచిన మేర ఎర్రబడింది. మావాడి గ్లాసులోనూ ఎరుపే. వదినగారి గ్లాసులో ముంచితే రంగు మారలేదు.

"అమ్మా, ఇలా చూడు" అన్నాను.

కోడలు కాగితాలు చూసింది. తర్వాత పళ్ళెంలో పిప్పి పిప్పిగా పడున్న నిమ్మచెక్కల్ని చూసింది. రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"పులుపు! అయ్యో రామా, పులుపు తగిలితే ఆ కత్తెర తెగదు మామయ్యా! పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అది రాసిన చేత్తోనే నిమ్మకాయ అందుకుని బుగ్గన పెట్టుకున్నాను!"

అప్పుడు నవ్వింది. ఆ నవ్వుతో ఇల్లు మళ్ళీ మా ఇల్లయింది.

"మరి కడుపులో కూడా పులుపే ఉంటుంది కదా? అక్కడెలా మరి?" అన్నాడు మావాడు.

"అందుకే కడుపులోకి దిగాక ఉమ్మి పని ఆగిపోతుంది. అక్కడ పెప్సిన్ అని వేరే ఎంజైము. దానికి పులుపుంటేనే పని సాగుతుంది. అది మాంసకృత్తుల్ని విరుస్తుంది. ఆ తర్వాత చిన్నపేగులో క్లోమరసం వచ్చి పులుపు విరిచేసి, మిగిలిన పిండిని మళ్ళీ కత్తిరిస్తుంది."

"షిఫ్టులన్నమాట" అన్నాను. మా ఫ్యాక్టరీలోనూ అంతే. ఒక షిఫ్టు వాళ్ళు ఇంకో షిఫ్టు వాళ్ళ గేటు దాటి లోపలికి రారు.

"బాగుంది మామయ్యా. రేపు అదే చెప్తాను."

కారణం తెలిసింది సరే, చిక్కు మాత్రం అలాగే ఉంది. నిమ్మచెక్క లేకపోతే నా గ్లాసు ఎండు గ్లాసే. మావాడిది అడుగు తడవదు. క్లాసులో బల్లలేమో బోలెడు.

"నేనొక్కదాన్నే బడంతటికీ ఉమ్మాలా?" అంది వదినగారు. కసిరినట్టు అందిగాని ముఖంలో గర్వం దాగలేదు.

పొద్దున్నే కోడలు అందరిచేతా మూడేసి సార్లు నోరు పుక్కిలింపించి బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. మధ్యలో పీట పెట్టి దాని మీద నిమ్మకాయ ఉంచింది. "ఎవరూ ముట్టుకోకూడదు. చూడాలి, వాసన చూడాలి, అంతే. తలుచుకున్నా నోరూరుతుంది."

మావాడు కత్తి తీసుకుని, గాజు పలక కోసేటంత నెమ్మదిగా నిమ్మకాయ కోశాడు. రసం పీట మీదికి జారింది. వాడి గొంతు కదిలింది. కోడలు గబగబా గ్లాసు ఎత్తింది. వదినగారు సరేసరి. నేను మాత్రం అలాగే చూస్తూ కూర్చున్నాను. కాయ కనిపిస్తోంది, వాసన తెలుస్తోంది, నోరు కదలట్లేదు.

వదినగారు నావైపు చూసింది.

"మరిదీ, మా చెల్లెలు రుచి ఎలా చూసేదో గుర్తుందా?"

నేను తలెత్తాను. ఆవిడ గరిటె పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి, లేని చారు ఒక చుక్క ఎడమ అరచేతిలో వంచుకుని, నాలుకతో అందుకుని, ఒక కన్ను మూసి, పైదవడకి నాలుక తాటించి "ట్టొ" అంది.

అచ్చం అదే చప్పుడు. ఒక తల్లి పిల్లలు కదా. ఆ చప్పుడు విన్నాకే నేను కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చేవాణ్ణి, ఏళ్ళ తరబడి. 'ఇక వడ్డిస్తున్నాను' అని ఆవిడ విడిగా చెప్పిన రోజు లేదు.

నా దవడల కింద సన్నగా సలిపింది. నోట్లో నీళ్ళు తిరిగాయి. గ్లాసు అందుకున్నాను. కళ్ళల్లో కూడా తిరిగాయిగాని, అవి గ్లాసులో పడకుండా జాగ్రత్తపడ్డాను. పాఠానికి కావలసింది అవి కావు.

"ఇంకోసారి చెయ్యనా?" అంది వదినగారు.

"చెయ్యి వదినా" అన్నాను.

గ్లాసులు ఒలక్కుండా బడిదాకా పట్టుకెళ్ళే పని నాది. బస్సులో అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా దాంతోపాటు నేనూ వంగుతుంటే, పక్కన కూర్చున్నాయన "కోడిపిల్లలా?" అని అడిగాడు. "అంతకంటే సున్నితం" అన్నాను. లోపల ఏమున్నదీ చెప్పలేదు, ఆయన పక్క సీటు ఖాళీ చేస్తే నాకు తోడుండదు.

క్లాసులో వెనక గోడ పక్కన నాకో కుర్చీ వేశారు. పెద్ద టీచరు ముందు వరసలో, పక్కకి కూర్చుంది. ఆవిడకి పిల్లలు పెట్టుకున్న పేరు 'గంట'. గొంతు అలాంటిది. గోడ మీద పెద్ద అక్షరాలతో 'తరగతిలో ఏమీ తినరాదు' అని రాసి ఉంది. అది కూడా ఆవిడ రాయించిందేనట.

కోడలు మొదట తడబడింది. పూసల దండ దగ్గరికి వచ్చేసరికి కుదురుకుంది. నిజంగానే పూసలు గుచ్చిన దారం ఒకటి తెచ్చి, పిల్లల ముందు కత్తెరతో టకటకా కత్తిరించింది. కుట్టు క్లాసు కత్తెరే. పూసలు బల్ల మీద దొర్లాయి. పిల్లలు వంగి ఏరారు. గంజి గొట్టాలు వెచ్చటి నీళ్ళలో పెట్టారు.

అప్పుడు పెద్ద టీచరు లేచింది. "ఆ గ్లాసుల్లో ఉన్నది ఇంటినుంచి తెచ్చావు. ఏం కలిపి తెచ్చావో ఎవరికి తెలుసు? పిల్లలకి అలాంటి అనుమానం మిగలకూడదు. ఇదిగో, నాది తీసుకో" అని కొంగు అడ్డం పెట్టుకుని ఒక గ్లాసులో ఉమ్మి ఇచ్చింది.

కోడలు దాన్నీ ఒక గంజి గొట్టంలో కలిపి వెచ్చటి నీళ్ళలో పెట్టింది. కాసేపటికి చుక్కలు వేసే సమయం వచ్చింది. ఒక్కో బల్లా టీ రంగు, టీ రంగు. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరికి పెద్ద టీచరు గొట్టం. చుక్క పడింది. నల్లటి నీలం.

క్లాసంతా గప్‌చిప్. ముందు బల్ల మీద ఒక పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంటే?" అంది పెద్ద టీచరు. "మీ ఇంటివాళ్ళవన్నీ పనిచేస్తాయి, నాదొక్కటే పనిచెయ్యదా? పాఠం చెప్పడమంటే గారడీ కాదమ్మా."

కోడలు ఆ నీలం గొట్టాన్నే చూస్తోంది. భయపడుతోందనుకున్నాను. కాదు, నిన్నటి పళ్ళెం గుర్తుకొచ్చింది. తలెత్తి వెనక్కి, నావైపు చూసింది. నేను అప్పటికే జేబులో చెయ్యి పెట్టాను. ఒక కాగితం చించి ముందుకి పంపితే పిల్లలు చేతులు మార్చి అందించారు. కోడలు దాన్ని పెద్ద టీచరు గ్లాసులో ముంచింది. ఎరుపు.

"టీచరుగారూ," అంది కోడలు, ఎంతో మర్యాదగా, "మీ నోట్లో పుల్లటిదేమైనా ఉందా అండీ?"

పెద్ద టీచరు జవాబు చెప్పబోయింది. బుగ్గలో ఏదో పళ్ళకి తగిలి 'టక్'మంది. ఆ నిశ్శబ్దంలో అది చివరి బల్లదాకా వినిపించింది. ఆవిడ చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది. కళ్ళు గోడ మీది అక్షరాల మీదికి వెళ్ళాయి.

"గొంతు బిళ్ళ" అంది. గంట మొదటిసారి మెల్లగా మోగింది. "పొద్దున్నుంచీ అరిచి అరిచి... పుల్లటిదే."

ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. ఆఖరికి ఆవిడే పకపకా నవ్వింది. ఇక పిల్లల్ని ఆపడం ఎవరి తరం! కోడలు మాత్రం సందు వదల్లేదు. "చూశారా? తప్పు టీచరుగారి ఉమ్మిది కాదు, పులుపుది. పులుపులో ఈ కత్తెర తెగదు. మరి కడుపులో ఉన్నదంతా పులుపే. అక్కడికెళ్ళాక దీని సంగతేమిటి? ఎవరు చెప్తారు?" అని అడిగి, నోళ్ళు తెరుచుకున్న పిల్లలకి షిఫ్టుల కథ చెప్పింది. నల్లబల్ల మీద రెండు గేట్లు గీసింది. రెండో గేటు దగ్గర గీసిన కాపలావాడికి, ఎందుకో మరి, నాలాంటి బట్టతల పెట్టింది.

పెద్ద టీచరు బిళ్ళ ఊసేసి, నోరు బాగా పుక్కిలించి, కాసేపాగి ఇంకో గ్లాసు ఇచ్చింది. అందరూ ఆ ఒక్క గొట్టం చుట్టూ మూగారు. చుక్క పడింది. పల్చటి టీ రంగు. ఆ చప్పట్లు అంతకుముందు వాటికంటే గట్టిగా మోగాయి. పెద్ద టీచరు కూడా కొట్టింది, తనకే.

గుమ్మం దాటుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది: "కుట్టు క్లాసుకి ఇంకెవర్నైనా చూడాలి ఇక."

రాత్రి భోజనాల దగ్గర వదినగారికి జరిగిందంతా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఇంతకీ అన్నిట్లోకీ తేటగా వచ్చింది ఎవరిది?" అంది.

"నీదే వదినా" అన్నాను. అన్నీ ఒక్కలాగే వచ్చాయి. అయినా ఆ మాట అనడానికి నాకు కష్టమేమీ అనిపించలేదు.

"రేపటి పాఠం కడుపు అత్తయ్యా" అంది కోడలు, నా పళ్ళెంలో రొట్టె వేస్తూ.

వదినగారి చెయ్యి గాల్లోనే ఆగింది. "దానికి మా లోపల్నుంచి ఏం తియ్యాలే తల్లీ?"

మావాడికి పొలమారింది. కోడలు వాడి వీపు నిమురుతూ, "ఏమీ అక్కర్లేదు, బొమ్మ గీస్తాను" అని మొత్తుకుంటోంది. వదినగారు నమ్మకుండా నావైపు తిరిగింది, "నువ్వు చెప్పు మరిదీ" అంటూ.

నేను చెప్పలేదు. నోట్లో రొట్టెముక్క ఉంది. నీళ్ళగ్లాసు ముట్టుకోకుండా, తొందరపడకుండా నములుతున్నాను. నా భార్య చెప్పింది నిజమే. చివర్లో తీపి వస్తోంది.